రొయ్యల గుంట, మంచినీటి బావి: మన బిడ్డల కొక పాఠము

ఊరిలోనికి క్రొత్త యంత్ర మేదైన వచ్చినప్పుడు దానివలన లాభమెంత, నష్టమెంత యని పురుషులు రచ్చబండకడ తర్కించుకొందురు. దానివలన నూరి నీరు చెడినచో బిందె చంకనెత్తుకొని పొరుగూరికి నడువవలసినవారు స్త్రీలు. కావున యంత్రములను గూర్చిన కట్టుబాట్లతో మనకేమి పని యని యే గృహిణియు ననుకొనరాదు.

ఏ యంత్ర మెచ్చట నుండవచ్చును, దాని నెవరు నడుపవచ్చును, అందుండి వెలువడు మురికి నేమి చేయవలెను, కీడు కలిగినచో దాని నెవరు భరింపవలెను అను నిర్ణయములకే సాంకేతిక విధానమని పేరు. పేరు గంభీరమే గాని దాని రూపము మన వంటయింటిలోనే కలదు. ప్రెషర్ కుక్కరు మూతపై, ఆవిరి హద్దు మీఱినప్పుడు దారి యిచ్చుటకై చిన్న సేఫ్టీ వాల్వు అమర్చియుందురు. కుక్కరుపై ఐ.ఎస్.ఐ. ముద్ర యుండును. వాల్వును కల్పించినవాడు పనివాడు. అట్టి రక్షణ లేని కుక్కరును నమ్మరాదని చెప్పినది కట్టుబాటు. రెండును మనుష్యులు యోచించి చేసినవే. రెండింటిని ఇంకను బాగుగా చేయుటకు వీలున్నది. ఈ యొక్క సంగతి బిడ్డల మనస్సున నాటుకొన్నచో వారి చదువు చాలవఱకు సార్థకమైనట్లే యని మా యభిప్రాయము.

దీని నెట్లు నేర్పవలెను? చట్టముల పేర్లను, సంవత్సరములను వల్లె వేయించినచో పరీక్షనాటికి నోటికి వచ్చును, సెలవులనాటికి మఱపున పడును. బిడ్డలచేత వస్తువును చేయించి, ఆ వస్తువునకు తగిన కట్టుబాటును గూడ వారిచేతనే వ్రాయించుట మేలైన మార్గము. ఇంగ్లండు పాఠశాలలలో వస్తురచన 1990లో జాతీయ పాఠ్యప్రణాళికయందు నిర్బంధ విషయముగా చేరెను. మన దేశమున 2016లో నారంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద, 6వ తరగతి మొదలు 12వ తరగతివఱకు చదువు బాలబాలికలకై అటల్ టింకరింగ్ ల్యాబులు ఏర్పడినవి. ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయలవఱకు సాయ మీయబడెను. అచ్చట బిడ్డలు సెన్సార్లతోను, త్రీడీ ప్రింటర్లతోను వస్తువులను చేసి, ఇది పనిచేయునా యని పరీక్షించుకొందురు. మంచిదే. దానివెంట రెండవ ప్రశ్న యొకటి రావలెను: ఇది పనిచేసినచో నెవరి కేమి కలుగును, దీని కేది హద్దు? ఈ రెండవ ప్రశ్నకు లక్షల ధనముతో పనిలేదు. ఇసుకయు, ఉప్పును, ఒక గాజుతొట్టియు చాలును. ఆ పాఠమునకు కావలసిన కథ నెల్లూరు సముద్రతీరమున సిద్ధముగా నున్నది.

రాట్నమునకు పెట్టిన షరతులు

గుంటల కథకు ముందు రాట్నము కథ యొకటి చెప్పవలసియున్నది. నెల్లూరికి సమీపమున, పెన్నానది యొడ్డున పల్లిపాడు అను గ్రామము కలదు. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీ మహాత్ముడు అచ్చటి పినాకినీ సత్యాగ్రహాశ్రమమునకు ప్రారంభోత్సవము చేసెను. అట్టి యాశ్రమములన్నిటికి రాట్నమే గుర్తు. ఆ రాట్నముయొక్క చరిత్రలో మన పాఠమునకు మిక్కిలి యుపకరించు ఘట్టమొకటి యున్నది.

1929లో అఖిల భారత చరఖా సంఘము మేలైన రాట్నమును కనిపెట్టినవారికి లక్ష రూపాయల బహుమానము నిత్తుమని ప్రకటించెను. అందలి షరతులను చూడుడు. రాట్నము తేలికగా నుండవలెను. పల్లెటూరి సామాన్యగృహమున చేతితోగాని కాలితోగాని నడుపుటకు వీలుండవలెను. ఒక స్త్రీ 8 గంటలు పనిచేసినను మిక్కిలి యలసట కలుగరాదు. ఆ 8 గంటలలో 16,000 అడుగుల నూలు రావలెను. తయారగుటకు 150 రూపాయలు మించరాదు. తగిన మరమ్మతుతో 20 యేండ్లు నిలువవలెను.

ఇవి చూపునకు యంత్రమును గూర్చిన షరతులు. లోతుగా చూచినచో దేశ మెట్లుండవలెనో చెప్పు షరతులు. పని యింటిలోనే జరుగవలెను, నడుపునది స్త్రీ, ఆమె యోపికయే కొలత, వెల సామాన్యుల కందుబాటులో నుండవలెను. ఈ నాలుగు నిర్ణయములు జరిగిన తరువాతనే వడ్రంగి బాడిస చేతబట్టును. అన్ని షరతులకును సరిపడు రాట్నము రానందున ఆ బహుమాన మెవరికిని దక్కలేదు. అయినను ఆ ప్రకటన నేటికిని మంచి పాఠమే. ఉపాధ్యాయిని యీ యాఱు షరతులను నల్లబల్లపై వ్రాసి, ఒక్కొక్కదానిని తుడిచివేయుచు, “ఈ మాట లేకున్న నెట్టి యంత్రము పుట్టును? అది యెవరి యింట నుండును? దాని నెవరు నడుపుదురు?” అని యడిగినచో గంటసేపు తరగతి సందడిగా నుండును. వెల షరతును తుడిచినచో రాట్నము ధనికుని యింటికి పోవును. స్త్రీ యలసిపోరాదను మాట తుడిచినచో నూలు పెరుగును, నడుము విరుగును. సామాన్యగృహమను మాట తుడిచినచో మిల్లు లేచును. వస్తువు వెనుక నొక కట్టుబాటు దాగియుండునని బిడ్డలకు వేఱుగా చెప్పనక్కరలేదు, వారే కనుగొందురు.

తీరమునకు గుంటలు వచ్చిన విధము

ఇక సముద్రపుటొడ్డునకు పోవుదము. 1990 ప్రాంతమున నెల్లూరు తీరమందు, అందును కండలేరు ఉప్పుటేటి వెంబడి, రొయ్యల గుంటలు వందలకొలదిగా లేచినవి. టైగర్ రొయ్యకు విదేశములలో మంచి గిరాకి యుండెను. ఉప్పునీటిని మోటార్లతో తోడి, గట్లు కట్టి నిలిపి, హేచరీల పిల్లను వదలి, మేత వేసి పెంచుట యీ పద్ధతి. నాలుగైదు నెలలలో పంట చేతికి వచ్చును. దీనిచే పలు కుటుంబములు బాగుపడినవి. రొయ్యలను ఒలుచు షెడ్లలో స్త్రీలకు కూలి దొరకినది. ఈ లాభమును కాదనుట న్యాయము గాదు.

నష్టము మాత్రము లాభపడినవారి వాకిటనే నిలువలేదు. గట్టు నడుమ నెత్తుగా నిలిచిన యుప్పునీరు నేలలోనికి దిగి, ప్రక్కనున్న బావులను చేరెను. ఈ జిల్లాలోని కుర్రు అను మత్స్యకార గ్రామమున గుంటలవలన భూగర్భజలము ఉప్పగా మాఱి, 600 మందికి త్రాగునీరు లేకపోయినది. అచ్చటి స్త్రీలు నిరసన తెలిపిన పిమ్మట ట్యాంకర్లతో నీరు పంపబడెను. చట్టపు పుస్తకము నెఱుగని యా తల్లులు బిందెను బట్టి సంగతిని గ్రహించిరి.

కీడు గుంటలవారిని గూడ విడువలేదు. 1994, 1995 సంవత్సరములలో రొయ్యలకు తెగుళ్లు సోకి, కండలేటి గట్లపై గుంటలు పాడుపడినవి. తెల్లమచ్చ వైరసు ఆనాడే యీ తీరమున పేరు మోసెను. ఒకరు వాడిన నీటిని ఏటిలోనికి వదలుటయు, ఆ యేటినుండియే మఱియొకరు తోడుకొనుటయు జరుగుచున్నచోట, ఒకరి గుంటలోని రోగము పదిమందిది యగుటకు దినములు చాలును. బావికడ స్త్రీ నడిగినను, గుంటగట్టున రైతు నడిగినను, కట్టుబాటు లేకపోవుటచే కలిగిన నష్టమును ఒక్కరీతిగానే చెప్పగలరు.

ఈ చిక్కును పెద్ద లెట్లు విప్పజూచిరో ముందుగా చెప్పివేసినచో పాఠము చెడును. చిక్కును బిడ్డల చేతికే యియ్యవలెను.

గాజుతొట్టిలో నొక యూరు

వెడల్పైన గాజుతొట్టి, లేనిచో లోపల కనబడు ప్లాస్టికు డబ్బా తీసికొనవలెను. బాగుగా కడిగిన యిసుకను అందు జానెడెత్తు పోయవలెను. చిల్లులు పొడిచిన గొట్టము నొకదానిని ఒక ప్రక్క నిలువుగా నాటినచో నది బావి. ఇసుక సగమువఱకు తడియునట్లు మంచినీరు పోసినచో బావిలో నీరు కనబడును. రెండవ ప్రక్క ఇసుకతో గట్టు కట్టి గుంట చేసి, అందు ఉప్పునీటిని బావినీటి మట్టముకంటె నెత్తుగా నింపవలెను. లీటరు నీటికి 35 గ్రాముల యుప్పు కలిపినచో రమారమి సముద్రపునీటివంటిదగును. ఆ నీటిలో ఎఱ్ఱసిరా కొన్ని బొట్లు వేయవలెను.

తరువాత చూచుచు కూర్చుండుటయే. ఎఱుపు మెల్లమెల్లగా నిసుకలోనికి ప్రాకును. అప్పుడొక బిడ్డచేత సిరంజితో బావినీటిని తోడింపవలెను. తోడినకొలది బావిమట్టము తగ్గి, ఎఱుపు మఱింత త్వరగా నటువైపు మరలును. మంచినీటి కఱవువలన నెక్కువగా తోడుకొనునప్పుడే ఉప్పు త్వరగా చేరునను సంగతి, చెప్పినచో నమ్మని బిడ్డలు కూడ, కన్నులార చూచి నమ్ముదురు. ఆ నీటిని నాలుకతో రుచి చూడనీయరాదు. ఉపాధ్యాయినియో, తల్లియో ఇనుపగరిటెలో కొంచెము పోసి కాచినచో, నీరిగిరిపోయి యుప్పు మిగులును. అదియే సాక్ష్యము.

పిమ్మట బిడ్డలను నలుగురేసి జట్లుగా విభజించి, బావి చెడకుండ గుంట నుంచుట కుపాయము పన్నుడని చెప్పవలెను. ఒక్కొక్క జట్టునకు పది చింతపిక్కలు ధనముగా నియ్యవలెను. గుంటయడుగున బంకమన్ను మెత్తుటకు నాలుగు పిక్కలు. గుంటను బావికి దూరముగా జరుపుటకు అంగుళమున కొక పిక్క. నడుమ మురుగుకాలువ త్రవ్వుటకు మూడు పిక్కలు. గుంట సాగినన్నాళ్లు ఆటకొక యావృత్తికి రెండు పిక్కల రాబడి. ఒక జట్టు బంకమన్ను మెత్తును. ఒక జట్టు దూరము జరుపును. ఒక జట్టు కాలువ త్రవ్వును. నాలుగవ జట్టు, “గుంటకేమి చేయము, రాబడిలో కొంత యిచ్చి బావివారికి నీరు తెప్పింతుము” అనును. ఏ యుపాయమైన సరే, తొట్టిలో చేసి చూపవలెను.

ఇచ్చటనే యసలు పాఠ మారంభమగును. బంకమన్ను మెత్తవలెననుట నాణ్యతకు సంబంధించిన నియమము. ఇంత దూరమున నుండవలెననుట స్థలనియమము. కాలువ త్రవ్వవలెననుట మురుగునీటి నియమము. రాబడిలో నీటి కిమ్మనుట నష్టపరిహారము. పెద్దల చట్టములలోని ప్రకరణములన్నియు నిట్టివే. బిడ్డలు తమ చేతులతో చేసిన పనులకే యీ పేర్లని తెలిసినప్పుడు ఆ పేర్లు వారిని భయపెట్టవు. ప్రతి నియమమునకును వెల యొకటి యున్నదనియు, ఆ వెల నెవరో యొకరు చింతపిక్కలలో చెల్లింపవలెననియు గూడ వారికి తేటతెల్లమగును.

చీటీలు మార్చుట

మఱునాటి తరగతిలో చీటీలు వేయవలెను. ఒక చీటీలో గుంట యజమాని. ఒకదానిలో బావినీటిపై నాధారపడిన తల్లి. ఒకదానిలో ఏటిలో వలవేయు మత్స్యకారుడు. ఒకదానిలో రొయ్యలొలుచు కూలి స్త్రీ. ఒకదానిలో పంచాయతి సభ్యురాలు. ఎవరి చీటీ వారి పక్షమున మాటలాడి, అందఱును గలిసి మూడు వాక్యములకు మించకుండ నొక కట్టుబాటును వ్రాయవలెను. వ్రాసి చేవ్రాళ్లు చేసిన తరువాత ఉపాధ్యాయిని చీటీలను మార్చివేయవలెను. యజమానియైన బాలునికి తల్లి చీటీ, తల్లియైన బాలికకు కూలిస్త్రీ చీటీ రావచ్చును. “ఇప్పుడు మీరు వ్రాసిన కట్టుబాటును మఱల చదువుడు, ఇదే యుండనిత్తురా?” అని యడుగవలెను. తన చీటీ మాఱినను ఒప్పుకొనదగిన నియమమే మంచి నియమమని నీతిశాస్త్రము చదివించి చెప్పుటకంటె నిది సులభము. గుంటలన్నియు మూయవలెనని గట్టిగా పలికిన బాలిక, కూలిస్త్రీ చీటీ చేతికి రాగానే మఱల యోచనలో పడుట సహజము. అట్టి యోచనయే మనకు కావలసినది.

చివర నొక ప్రశ్న మిగులును: ఈ నియమము నడచుచున్నదని యెవరు చూచెదరు? కాగితముపై నియమ ముండుట వేఱు, బావికడ నుండుట వేఱు. బావినీటి రుచి మాఱినప్పుడు మొట్టమొదట తెలియునది నీరు తోడు స్త్రీకి. ఆమె మాట నెచ్చట వ్రాసికొందురు? నెలకొకమారు నీటిని పరీక్షించి ఫలితమును పలకపై వ్రాసి పంచాయతి గోడకు తగిలింపవచ్చునా? పరీక్షకు ధన మెవరిది? ఈ పలక యెట్లుండవలెనో బిడ్డలచేతనే గీయింపవలెను. చదువురాని యవ్వకు గూడ తెలియునట్లు ఆకుపచ్చ, ఎఱుపు రంగులను వాడుదుమని యే బిడ్డయైన చెప్పినచో, ఆ బిడ్డకు పాఠము వచ్చినట్లే.

పెద్దలు వ్రాసిన కట్టుబాట్లు

ఇంత జరిగిన తరువాత పెద్దలు చేసిన దానిని బిడ్డల ముందుంచవలెను. 1991 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము సముద్రపు పోటుగీతనుండి 500 మీటర్లవఱకు నేలను తీరప్రాంత నియంత్రణ మండలముగా ప్రకటించెను. తమిళనాటి సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11వ తేదీన తీర్పు చెప్పెను. సంప్రదాయ పద్ధతిని, మెఱుగుపఱచిన సంప్రదాయ పద్ధతిని విడిచి, ఇతరమైన రొయ్యల గుంట లా మండలమున నుండరాదనెను. పంటపొలములను, ఉప్పుకొటారులను, మడ యడవులను, ఊరుమ్మడి భూములను గుంటలుగా మార్చరాదనెను. పులికాటు సరస్సునకును, నేలపట్టు పక్షుల యాశ్రయమునకును 1,000 మీటర్లలోపల గుంట లుండరాదని ప్రత్యేకముగా పేర్కొనెను. నేలపట్టు 2022వఱకు నెల్లూరు జిల్లాలోనిదై, ఆ యేట తిరుపతి జిల్లాలో చేరినది.

కథ యంతటితో ముగియలేదు. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టమును చేసెను. గుంటలు నమోదు కావలెను. పోటుగీతకు 200 మీటర్లలోపల క్రొత్తగా సాగు చేయరాదు. ఆ చట్టము ననుసరించిన మార్గదర్శకములలో, గుంటకును సమీపమందలి త్రాగునీటి యాధారమునకును 100 మీటర్ల యెడ ముండవలెనని కలదు. 500 మీటర్లు కోర్టు తీర్పునాటి హద్దు. 200 మీటర్లు పార్లమెంటు హద్దు. ఒకే సముద్రము, ఒకే యిసుక, రెండు లెక్కలు. లెక్క యేల మాఱెను? మాఱుటవలన నెవరి చేతిలోని చింతపిక్కలు పెరిగినవి? తొట్టిలో అంగుళమున కొక పిక్క చెల్లించిన బిడ్డలు ఈ ప్రశ్నను తామే యడుగుదురు.

2009లో వనామీ యను విదేశపు రొయ్యను పెంచుటకు సెలవు దొరకెను. దానితో మఱికొన్ని షరతులు వచ్చెను. తల్లిరొయ్యలు రోగరహితమైనవై యుండవలెను. అవి చెన్నైలోని క్వారంటైన్‌లో పరీక్షకు నిలువవలెను. చదరపు మీటరునకు 60 పిల్లలకు మించి వేయరాదు. వాడిన నీటిని శుద్ధి చేసి వదలవలెను. ఇందు లెక్కల పాఠము గూడ నున్నది. ఎకరము సుమారు 4,047 చదరపు మీటర్లు. అందు 2,42,820 పిల్లలవఱకు వేయవచ్చును. హద్దు మీఱి మూడు లక్షలు వేసినచో మేత యెంత పెరుగును, మురికి యెంత పెరుగును, అది యే యేటిలోనికి పోవును అని లెక్క కట్టించినచో, లెక్కల పుస్తకము ఊరి పుస్తకమగును. ఆ చట్టము 2023లో మఱల సవరింపబడినది. కట్టుబాటు రాతిపై చెక్కినది కాదనియు, మనుష్యులు వ్రాసి, దిద్ది, మఱల వ్రాయునదనియు బిడ్డలు దీనినుండి గ్రహింతురు.

కొందఱి సందేహములు

పసివారి కింతటి విషయము లేల యని కొందఱందురు. ఇసుకతో గుజ్జనగూళ్లాడు వయస్సునుండియే ఇది నాది, అది నీది, ఇంతవఱకు హద్దు అని గీతలు గీయుట వారెఱుగుదురు. మనము నేర్పవలసినది ఆ గీతను న్యాయముగా గీయుటయే.

ఇట్టి పాఠము బిడ్డలను తండ్రుల వృత్తికి విరోధులుగా చేయునని మఱికొందఱి భయము. తీరమున ననేక కుటుంబములకు గుంటయే యన్నము పెట్టుచున్నది. ఆ సంగతి మఱచి, గుంటవాడు దుష్టుడు, బావివారు సాధువులు అని నేర్పు ఉపాధ్యాయుడు పాఠము చెప్పుటలేదు, పక్షము కట్టుచున్నాడు. చీటీలు మార్చుట యందుకే. తెల్లమచ్చ వచ్చి గుంట పాడైన రైతునకు కట్టుబాటువలన నెంత మేలో ఆ రైతు బిడ్డకే మొదట తెలియును.

యంత్రముల చదువు బాలుర కుచితము, బాలికలకు కుట్టుపని చాలునను మాట యింకను కొన్ని యిండ్ల వినబడుచున్నది. అట్లనువారు ఒక్కమారు బిందె నెత్తి చూచినచో, నీటిని గూర్చిన కట్టుబాటును వ్రాయుటకు బాలికలకంటె తగినవారు లేరని యొప్పుకొందురు.

చదువు చట్టమైన జిల్లా

పాఠమువలన నేమగునని నిరుత్సాహపడువారికి నెల్లూరు జిల్లాయే సమాధానము చెప్పగలదు. 1990 తరువాత ఈ జిల్లాలో నక్షరాస్యతోద్యమము సాగినప్పుడు, రాత్రిబడులలో స్త్రీలు చదివిన వాచకమున సీతమ్మ కథ యను పాఠముండెను. సారాయివలన చెడిన సంసారము దాని విషయము. చదివినవారు చదివి యూరకుండలేదు. 1992లో మెట్టప్రాంతపు దూబగుంటలో స్త్రీలు సారాయి దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము జిల్లా దాటి రాష్ట్రమంతట వ్యాపించగా, 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాయిని నిషేధించెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినది. సాధించిన నియమమును కాచుకొనుట గూడ పనియే యని దానివలన తెలియుచున్నది.

యంత్రముల విషయమునను తెలుగు స్త్రీలు తీర్పరులుగా కూర్చుండిన సందర్భము కలదు. 2001 జూన్‌లో మెదకు జిల్లా ఆల్గోలు గ్రామమున ప్రజాతీర్పు అను సభ జరిగెను. తీర్పరులలో పెక్కురు చిన్న కమతముల స్త్రీలు. ఇరువదియేండ్ల తరువాత వ్యవసాయ మెట్లుండవలెనో మూడు చిత్రములుగా వారికి చూపిరి: యంత్రములతోను, జన్యుమార్పిడి విత్తనములతోను సాగు చేయుట యొకటి, ఎగుమతికై సేంద్రియ పంటలు పండించుట యొకటి, ఊరి తిండి నూరే పండించుకొనుట యొకటి. శాస్త్రజ్ఞులను, అధికారులను వారు ప్రశ్నించిరి. చూపిన చిత్రములలో నొకదానిని యథాతథముగా నేరుకొనక, తమకు కావలసిన భాగములను గ్రహించి తమదైన చిత్రమును కూర్చుకొనిరి. గాజుతొట్టి ముందు మనబిడ్డలు చేయునదియు నిదియే.

తల్లులు చేయదగిన పని

సోదరీమణులారా, ఈ పాఠము నారంభించుటకు ప్రభుత్వపు టుత్తరువు రావలసిన పనిలేదు. 2009నాటి విద్యాహక్కు చట్టము ననుసరించి, ఆ చట్టము వర్తించు ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులును, సగము స్త్రీలును ఉండవలెను. ఆ స్థానమున కూర్చుండి, నెలకొక దినము ఇట్టి పాఠమునకు విడువుడని యడుగుట మన హక్కు. 2020నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8వఱకు తరగతుల బిడ్డలకు పుస్తకముల సంచి లేని పది దినములు సూచించుచున్నది. ఆ దినములలో నొకటి బావికడ గడుపవచ్చును. 1993 నుండి జరుగుచున్న జాతీయ బాలల సైన్సు కాంగ్రెసున, 10 మొదలు 17 యేండ్లవఱకు గల బాలబాలికలు తమ యూరి సమస్యను తామే శోధించి నివేదించుదురు. ఊరి బావుల నీటిని నెలనెల పరీక్షించి పటము గీయుట దానికి తగిన పని.

బడిలో వీలుకానిచో నింటిలోనే యొక ఆదివారమునాడు తొట్టినిండ నిసుక పోయుడు. ఎఱుపు బావివైపు ప్రాకుచుండగా బిడ్డ, “అమ్మా, గుంట నింతదగ్గఱ నెవరు పెట్టనిచ్చిరి?” అని యడుగును. అప్పుడు తొందరపడి యుత్తరము చెప్పవలదు. “నీవైతే నెంతదూరమున పెట్టనిత్తువు? ఏల?” అని తిరిగి యడుగుడు. బిడ్డ చెప్పిన కొలతను కాగితముపై వ్రాయించి, క్రింద కారణమును గూడ వ్రాయించి దాచుడు. రేపు పంచాయతిలోనో, అధికారస్థానముననో ఆ బిడ్డ కూర్చుండునప్పుడు, అట్టి కాగితము మీదనే చేవ్రాలు చేయవలసి వచ్చును.